పేదయింటి కోడి



నేటి నా ప్రసంగమునకు విషయము పెరటికోడి. ఈ మాట వినగానే కొందరు చిఱునవ్వు నవ్వవచ్చును. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు వ్యాకరణమును, కావ్యములను చెప్పిన వృద్ధపండితునికి కోళ్లగొడవ యేల యని యడుగవచ్చును. నేను చెప్పబోవునది వ్యాపారము కాదు, చరిత్ర. రాజులకు చరిత్ర యున్నది, ఆలయములకు చరిత్ర యున్నది, ఏనుగులకును గుఱ్ఱములకును శాస్త్రములే యున్నవి. కాని గుడిసె వెనుక జానెడు పెరడు తప్ప వేఱు ఆస్తి యెఱుగని యింటిని, ఆకలినుండియు అప్పులవానినుండియు తరతరములుగా కాచుచు వచ్చిన పెట్టకోడికి చరిత్ర వ్రాసినవారు అరుదు. ఆ చరిత్రను కొంత విన్నవించి, దాని తుదిఘట్టము మీ చేతులలో నెట్లున్నదో చెప్పి విరమింతును.

కోడికి పుట్టినిల్లు అడవి. మన దేశమునందును, బర్మా, థాయిలాండు, దక్షిణచీనా దేశములయందును వెదురుపొదలలో ఎఱ్ఱ అడవికోడి నేటికిని తిరుగుచున్నది. మన పెరటికోడికి మూలపురుషుడు ఇదియే. అందును నైరుతిచీనా, బర్మా, ఉత్తర థాయిలాండు ప్రాంతములందలి శాఖయే మొదట మచ్చికయైనదని 2020లో ప్రకటింపబడిన జన్యుపరిశోధన తేల్చినది. మధ్య థాయిలాండులో బాన్ నాన్ వాట్ అను పల్లె త్రవ్వకములలో దొరకిన, క్రీ.పూ. 1650కిని 1250కిని నడిమికాలపు ఎముకలే నిస్సంశయముగా పెంపుడుకోడివని చెప్పదగినవానిలో ప్రాచీనములని 2022లో శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. వారు చెప్పిన కారణము మన రైతులకు వెంటనే బోధపడును. మెట్టవరియు చిఱుధాన్యములును పండించు పల్లెలకు అడవికోళ్లు చిందినగింజ కొఱకు వచ్చినవి. వచ్చినవి పోక నిలిచినవి. కళ్లమునను వాకిటను వ్యర్థముగా పోవు గింజయే మనుష్యునికిని కోడికిని తొలి సంబంధము కలిపినదన్నమాట.

ఈ వంశమున మన దక్షిణాపథమునకును పాలు కలదు. పెంపుడుకోళ్లలో పెక్కింటికి కాళ్లును చర్మమును పసుపువన్నె గలవి. ఈ గుణము ఎఱ్ఱ అడవికోడినుండి వచ్చినది కాదనియు, దక్షిణదేశపు కొండలలో తిరుగు బూడిదవన్నె అడవికోడినుండి సంక్రమించినదనియు 2008లో తేలినది. నేడు ప్రపంచమునందు ఏ దేశపు సంతలో పచ్చకాళ్లకోడి కనబడినను, దానిలో మన కొండలయంశ కొంత యున్నదని తెలిసికొనవచ్చును.

మన పండితులు కోడిని ఎఱుగకపోలేదు. హ్రస్వదీర్ఘప్లుతములను తెలుపు సూత్రమున పాణిని అచ్చులన్నిటిలో ఉకారమునే యేల గ్రహించెనని శిష్యుడు ప్రశ్నించినప్పుడు, కోడికూతలో ఉకారము మొదట హ్రస్వముగను, పిదప దీర్ఘముగను, తుదకు ప్లుతముగను వినబడును గదా యని మా గురువులు చెప్పుచుండిరి. వారికిని వారి గురువులు చెప్పినమాట యిది. చాణక్యుని పేర నున్న నీతిగ్రంథము కోడినుండి మనుజుడు నేర్వదగిన గుణములు నాలుగని చెప్పుచున్నది: వేళకు మేల్కొనుట, వెనుదీయక పోరుట, దొరకినదానిని బంధువులకు పంచుట, స్వయముగా శ్రమించి భుజించుట. కాని మనుస్మృతి ఊరకోడిని ద్విజులకు అభక్ష్యముగా నిర్ణయించినది. కావున గంటము చేతబట్టినవారి యిండ్లలో కోడిగంప లేకపోయెను. కోడిగంప యున్న యిండ్లలో గంటము లేకపోయెను. పెట్టకోడి చరిత్ర గ్రంథములకు ఎక్కకపోవుటకు ముఖ్యకారణము ఇదియే యని నా యభిప్రాయము.

గ్రంథములకు ఎక్కినది పుంజు. దండి రచించిన దశకుమారచరితమునందు కోడిపోరు వర్ణితమైనది; ఆ కథను పదుమూడవ శతాబ్దమున కేతన తెనిగించెను. కాకతీయుల ఓరుగల్లును వర్ణించు క్రీడాభిరామమునందును కోడిపందెము కలదు. పలనాటి వీరులకథలో నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయనికిని నడచిన కోడిపోరు రాజ్యమునే తలక్రిందులు చేసినదని మనమందఱమును విని పెరిగినవారమే. ఈకలవన్నెనుబట్టి కాకి, డేగ, నెమలి యని పేళ్లు పెట్టి, ఏ దినమున ఏ వన్నెకు జయమో గణించు కుక్కుటశాస్త్రము మన దేశమున నేటికిని చేతులు మాఱుచున్నది. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఈ వేడుకను గూర్చి వ్రాసియున్నారు. 1960 నాటి జంతుహింసానివారణ చట్టమును, 1974 నాటి ఆంధ్రప్రదేశ జూదనిషేధ చట్టమును ఈ పందెములను నేరముగా నెంచినవి. అయినను సంక్రాంతికి గోదావరీతీరమున ఏమి జరుగుచున్నదో మీకు నేను చెప్పనక్కఱలేదు.

పుంజునకు ఇంత గ్రంథము పెరిగినది. పెట్టకు ఒక్క పుటయు లేదు. పందెపుపుంజు ఒక్కనాటిలో ఇల్లు నిలుపనో ముంపనో గలదు. పెట్ట అట్లు కాదు, దినదినమును ఇల్లు నిలుపును. దాని లెక్క నెమ్మదిగా వినుడు.

నాటుపెట్ట ఏడాదికి మూడు నాలుగు కార్లుగా, కారునకు పండ్రెండు పదునైదు చొప్పున, మొత్తము 40 మొదలు 60 వఱకు గ్రుడ్లు పెట్టును. అందు కొన్ని యింటిపిల్లలకు, కొన్ని యంగడికి పోగా, పదిపండ్రెండింటిని గంపలో ఊకపై పెట్టి పొదిగింతురు. ఇరువదియొక్క దినములకు పిల్లలు వెలువడును. దీనికై పెట్టుబడి యేమి? దోసెడు నూకలు, గుప్పెడు తవుడు, మూకుడు నీళ్లు, రాత్రికి ఒక గంప. మిగిలిన మేతను కోడి తానే వెదకికొనును. చెదలు, పురుగులు, రాలినగింజ, గిన్నె కడిగిన మెతుకు, అనగా మనుష్యునికి పనికిరాని వస్తువులను మనుష్యునికి పనికివచ్చు ద్రవ్యముగా మార్చును. గేదెను కొనవలయునన్న అప్పు కావలయును. మేకకు కాపరి కావలయును. కోడికి గృహిణి కనుచూపు చాలును.

కోడిని అమ్మిన డబ్బు మన పల్లెలలో ఆడుదాని డబ్బు. పంటడబ్బు మగవాని చేతికి వచ్చి, అతని చేతినుండియే పోవును; కోడిడబ్బు కొంగుముడిలో నుండును. పిల్లవానికి జ్వరము వచ్చిన రాత్రి, చుట్టము వచ్చిన పూట, కూతురు పురిటికి వచ్చిన నెల, ఆ ముడి విప్పబడును. కోడి కూడ లేని బీదరాలికి ఉన్నవారు పెట్టను వాటాకిచ్చు నాచారము మన మన్యమున కలదు. పెంచినందుకు పిల్లలలో సగము ఆమెవి, సగము పెట్ట యజమానురాలివి. పత్రము లేదు, వడ్డీ లేదు. ఏడాది తిరుగునప్పటికి ఆమెకును సొంతపెట్ట యేర్పడును. పేదవాడు పేదవానికి మూలధన మొసగు ఏర్పాటు ఇంతకన్న సులువైనది నే నెఱుగను.

ఇట్టి ధనమునకు శత్రువులు లేకుందురా? గద్దయు, పిల్లియు, ముంగిసయు ఉండనే యున్నవి. వానికంటె పెద్దగద్ద వెట్టి. నిజాం రాష్ట్రమున అధికారి ఊరికి విడిదికి వచ్చినచో, అతని బసకు కోళ్లును, గ్రుడ్లును, నేయియు, కట్టెలును ఊరివారు వెలలేక సమర్పింపవలసి యుండెను. ఆ కోడి ఏ యింటిది? నోరెత్తలేని యింటిది. మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు ఈ వెట్టికి ప్రతికూలముగా ఆందోళన సాగించిరి. 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జోగిపేటలో ప్రథమసభ జరుపుకొన్న ఆంధ్రమహాసభ, తరువాతి యేండ్లలో ఈ బాధను ఊరూర చాటెను. తెలంగాణమున ప్రజలు లేచి నిలిచినప్పుడు భూమితోపాటు వెట్టిని గూర్చి కూడ పోరాడిరి. ఆ పోరులో, పేదరాలి గంపక్రింది కోడి ఆమెదియే యను చిన్నన్యాయము కూడ ఇమిడియున్నది.

వెట్టి పోయినది. పోని శత్రువు వేఱొకటి కలదు. దానిని మీరు కొక్కెర తెగులందురు. కోడి మెడ ముడుచుకొని మూలకు చేరును, నోరు తెఱచి ఎగయూపిరి విడుచును, పచ్చగా పాఱును, కొన్నింటికి మెడ మెలిపడును, రెక్కలు కాళ్లు చచ్చుబడును. రెండుమూడు దినములలో గంప గంపయంతయు ఖాళీ యగును. శాస్త్రజ్ఞులు ఈ తెగులును మొదట 1926లో జావాద్వీపమునందును, ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమునందును గుర్తించిరి. మన దేశమున 1927లో హిమాలయప్రాంతపు రాణీఖేత్‌లో గుర్తించుటచేత దీనికి ఇక్కడ రాణీఖేత్ వ్యాధి యను పేరు వచ్చెను. ఇది యొక సూక్ష్మజీవివలన కలుగునది. వచ్చినపిమ్మట మందు లేదు. రాకుండ టీకా యొక్కటే శరణ్యము.

ఆ టీకా నిన్న మొన్నటిది కాదు. 1940 తరువాతి దశకమున హిమాలయములలోని ముక్తేశ్వర పరిశోధనాలయమున మన దేశమునందే అది సిద్ధమైనది. దాని కిప్పుడు దాదాపు ఎనుబదియేండ్ల వయస్సు. నా కంటె పెద్దది! అయినను ఈనాటికిని ఏటేట కొక్కెర వచ్చుచున్నది, గంపలు ఖాళీ యగుచున్నవి. నేను పనిచేసిన యొక పల్లెబడిలో దీని ఫలమును కన్నులార చూచితిని. అక్కడ కూలివారి పిల్లలకు జ్యేష్ఠాషాఢములలో పలకకును పుస్తకములకును డబ్బు కోడిపిల్లలవలననే వచ్చెడిది. కొక్కెర వచ్చిన యేడు హాజరుపట్టీ చిక్కిపోయెడిది. ఒక తల్లి బడిగుమ్మమువఱకు వచ్చి, “కోళ్లు పోయినవి పంతులుగారూ, పిల్లను వచ్చేయేడు పంపెదను” అని చెప్పిపోయినది. ఆ వచ్చేయేడు రాలేదు. ఒక పక్షి తెగులు ఒక పిల్ల చదువును మ్రింగగలదని నాకు అప్పుడు తెలిసినది.

టీకా కలదు, తెగులును కలదు; ఇది యెట్లు? దీనికి జవాబు చరిత్రలోనే యున్నది. గడచిన నూఱేండ్లలో కోడిని గూర్చి గొప్ప ప్రయత్నములు జరిగినవి. తిరువాన్కూరు రాజ్యపు మార్తాండములో స్పెన్సర్ హాచ్ అను నతడు 1920 తరువాతి దశకమున గ్రామోద్ధరణ కేంద్రమును స్థాపించి, బీదవారి గ్రుడ్లను సహకారపద్ధతిని అమ్మించెను. మన చిత్తూరునకు చేరువనున్న కాట్పాడిలో మిషనువారి వ్యవసాయశాల సీమజాతి తెల్లలెగ్‌హార్న్ కోళ్లను పల్లెలకు పరిచయము చేసెను. స్వాతంత్ర్యము వచ్చినపిమ్మట కోళ్లపరిశ్రమ షెడ్లలో పెరిగెను. హైదరాబాదున పుట్టిన డాక్టరు బి.వి. రావుగారు 1971లో వేంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించిరి; 1982లో గ్రుడ్లధరను రైతులే నిర్ణయించుకొనుటకు జాతీయ గ్రుడ్ల సమన్వయసంఘమును ఏర్పఱచిరి. నేడు దేశమున పెట్టబడు గ్రుడ్లలో దాదాపు ఐదింట నొకటి ఆంధ్రప్రదేశమునది. షెడ్డుకోడి ఏటికి 300కు మించి గ్రుడ్లు పెట్టుచున్నది. ఇది నిజముగా గర్వింపదగిన పని. దానివలననే బడిపిల్లవాని పళ్లెములోనికి గ్రుడ్డు వచ్చినది.

కాని షెడ్డుకోడి పేదరాలి కోడి కాదు. దానికి కొన్నమేత కావలయును, విద్యుత్తు కావలయును, బ్యాంకు కావలయును. పెరటికై వేఱు ప్రయత్నము జరుగకపోలేదు. 1988లో హైదరాబాదు రాజేంద్రనగరమున స్థాపింపబడిన కోళ్లపరిశోధనాసంస్థవారు వనరాజ, గ్రామప్రియ యను జాతులను పెరటికొఱకే సిద్ధము చేసిరి. ఇవి నాటుకోడికంటె రెండుమూడు రెట్లు గ్రుడ్లు పెట్టును. అయితే ఇవి పొదుగుట అరుదు. పిల్లలను మరల మరల కొనవలసియుండును, లేదా వీని గ్రుడ్లను నాటుపెట్టక్రింద పెట్టవలసియుండును. కావున కొత్తజాతి వచ్చినను పాతపెట్ట అవసరము తీఱలేదు. 2019 నాటి పశుగణనలో పెరటికోళ్లు 31 కోట్ల 70 లక్షలుగా తేలినవి. 2012 నాటికంటె ఇది నూటికి సుమారు 46 పాళ్లు హెచ్చు. అదేకాలమున షెడ్డుకోళ్లు నూటికి ఐదుపాళ్లయినను పెరుగలేదు. పెరటికోడి కాలము చెల్లినదని తలచినవారికి ఈ లెక్కయే సమాధానము.

ఇక టీకా మాట. టీకాబుడ్డి షెడ్డు కొలతకు తయారైనది. ఒక్క బుడ్డిలో నూఱుకోళ్లకో, అంతకు మించియో సరిపడు మందుండును. విప్పి కలిపినపిమ్మట కొలది గంటలలో వాడవలయును, ఎండ తగిలిన చెడును, మంచులో తేవలయును. ఐదుకోళ్ల యిల్లాలు నూఱుకోళ్ల బుడ్డిని కొని, మంచుడబ్బాలో పెట్టుకొని, ఎనిమిదిమైళ్లు నడచి రాగలదా? ఆమెకు తెలియకపోవుట కాదు లోపము, డబ్బు లేకపోవుటయు కాదు. కోడి ఒక్కొక్క యింటిది, టీకా ఊరంతటిది. ఒంటరియింటికి అసాధ్యమైన పని ఇరువది యిండ్లు కలిసిన సులభము. తెగులును అట్టిదే. ఒక యింట టీకా వేసి, పొరుగింట మానినచో, తెగులు ఆ వీథినుండి వెడలదు. కోడికి గోడలు లేవు గదా!

ఇది ఊహ కాదు. 1990 తరువాత, అప్పటి తూర్పుగోదావరి జిల్లా మన్యమున ఆంత్ర యను సంస్థవారు గిరిజనస్త్రీలతో కలిసి పనిచేసి, అసీలుజాతి నాటుకోళ్లకు వేళకు టీకాలు వేయించి, నులిపురుగుల మందు పట్టించి, తగ్గిపోవుచున్న వాటా ఆచారమును మరల నిలువబెట్టిరి. మన తూర్పుపొరుగున బంగ్లాదేశములో 1980 తరువాతి దశకమున ఊరికొక స్త్రీకి టీకావిద్య నేర్పిరి. ఆమె ఇల్లిల్లు తిరిగి కోడికి ఇంత యని స్వల్పరుసుము పుచ్చుకొని టీకా వేసెడిది. ఆమెకు జీవనము, ఊరికి రక్ష. రెండుచోట్లను చేసినది ఒక్కటే: పదియిండ్ల కోళ్లను ఒక్కమందగా నెంచిరి.

కావున పెద్దలారా, ఈ చరిత్ర తరువాతిపుట మీరు వ్రాయవలసినది. ఊరిచెఱువునకు మఱమ్మతు దినమును, జాతరకు తిథిని నిర్ణయించువారు మీరే. అట్లే ఏడాదికి రెండు దినములు కోళ్లటీకాకు నిర్ణయింపుడు. పశువైద్యశాలకు ముందుగా కబురంపుడు. టీకాకు వారము దినములు ముందు నులిపురుగుల మందు పట్టింపుడు. నాటి రాత్రి గంపలు మూసియుంచి, తెల్లవాఱి కోళ్లను విడువకముందే పని ముగింపవలయును. విడిచినపిమ్మట ఏ కోడియు చేతికి చిక్కదు. వారము దినముల పిల్లలకు కంటిలోనో ముక్కులోనో చుక్కమందు. రెండునెలలు దాటినవానికి రెక్కక్రింద సూదిమందు. పిదప ఆఱేసి నెలలకు మరల. చదివిన ఆడుపిల్ల నొకతెను ఈ పనికి తర్ఫీదు చేయింపుడు. ఇంటికి పదిరూపాయలైనను ఆమెకు ముట్టునట్లు చూడుడు; ధర్మమునకు చేయించిన పని రెండవయేడు సాగదు.

మఱొక మాట. కోళ్లకు జబ్బు తగిలినదని తెలియగానే మిగిలినవానిని తొందరగా సంతకు తోలుట మన పల్లెలలో వాడుక. ఒక పూట నష్టము తప్పించుకొనుటకు చేయు ఈ పని తెగులును పది యూళ్లకు మోయుచున్నది. ఆ వారము సంతకు కోడి పోరాదని మీరు కట్టడి చేయవలయును. ఒక్కసారిగా పెక్కుకోళ్లు చచ్చినచో వెంటనే అధికారులకు తెలుపవలయును. చచ్చినవానిని చేత ముట్టక, తినక, లోతుగా పూడ్పింపవలయును. 2006లో మహారాష్ట్రపు నవాపురమున మొదటిసారి మన దేశమున కనబడిన పక్షిజ్వరము, 2025 ఆరంభమున గోదావరీజిల్లాలలో కూడ కనబడినది. అది మనుష్యులకును ప్రమాదకరము. దాచిన జబ్బు ఊరిని దహించును.

కోడినుండి నేర్వదగిన నాలుగు గుణములలో రెంటిని మీకు మరల జ్ఞప్తి చేసెదను: వేళకు మేల్కొనుట, ఉన్నదానిని బంధువులకు పంచుట. ఊరిలో ఐదుకోళ్లు గల ప్రతియింటివారును మీ బంధువులే. కొక్కెర రాకముందే మేల్కొని, టీకాబుడ్డిని పదియిండ్లకు పంచుడు. రాబోవు జ్యేష్ఠమున మీ బడిలో హాజరుపట్టీ చిక్కకుండును. ఇక సెలవు.